లారీ ఆగిందంటే ఊరు బాగుపడ్డట్టే

హైదరాబాద్ వనస్థలిపురంలో మా ఇంటి గేటుకి ఎదురుగా ఒక పన్నెండు టైర్ల లారీ మూడు రోజులు ఆగింది. చెడిపోలేదు. డ్రైవర్ అలిగి పోలేదు. ఆటోనగర్‌లో చోటు దొరక్క ఇటొచ్చి, తిరుగు లోడు కోసం కూర్చుంది. మొదటి రోజు బంపర్‌కి తాడు కట్టి లుంగీలు ఆరేశారు. రెండో రోజు టైరు చాటున చిన్న గ్యాస్ స్టవ్ వెలిగింది. మూడో రోజుకి క్లీనర్ మా గేటు తట్టి, "అమ్మా, రెండు రెమ్మలు కరివేపాకు" అని అడిగేంత చుట్టరికం కలిసింది. మా ఆవిడ రెమ్మలతోపాటు గిన్నెడు చారు కూడా ఇచ్చింది.

నాకు ఆర్థిక శాస్త్రంలో పట్టా లేదు. బాల్కనీ ఉంది. ఒక ప్రాంతం బాగుందా లేదా తేల్చడానికి ఢిల్లీ పెద్దలు జీఎస్టీ వసూళ్లు, కరెంటు వాడకం, సిమెంటు అమ్మకాలు ముందేసుకుని కూర్చుంటారు. నేను టీ గ్లాసు పట్టుకుని లారీ వంక చూస్తాను. అలా మూడు రోజులు చూసేసరికి ఒక సిద్ధాంతం తట్టింది. ఏ విశ్వవిద్యాలయమూ నన్ను అడగలేదు కాబట్టి ఇక్కడే ప్రకటిస్తున్నాను: ఒక ప్రాంతం ఎంత బాగుపడితే, అక్కడ లారీ అంత ఎక్కువసేపు ఆగుతుంది.

లారీల మీద వ్యాసాలు రాసే మేధావులకి ఒక దురలవాటు ఉంది. ఎన్ని టన్నులు మోసింది, ఎన్ని కిలోమీటర్లు పోయింది అని రెండూ గుణించి, వచ్చినదానికి ఉత్పాదకత అని పేరు పెడతారు. మన లారీ రోజుకి మూడొందల కిలోమీటర్లు పోతే గొప్ప, అమెరికావాడి లారీ ఏడొందలు పోతుంది అని ముక్కు చీదుతారు. తిరగడమే గొప్పైతే మనం తిరిగేవాణ్ణి తిరుగుబోతు అని ఎందుకంటాం? ఏ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. కదిలే ఫైలుని ఎవరూ పట్టించుకోరు. కదలని ఫైలు చుట్టూ ఊరంతా తిరుగుతుంది. ఫైలుకి ఒక న్యాయం, లారీకి ఒక న్యాయమా?

మొదటి రుజువు మా ఊరే. ఒకప్పుడు ఉస్మాన్‌గంజ్‌కీ బేగంబజార్‌కీ సరుకు లారీలు పట్టపగలే వచ్చేవని మా నాన్న చెప్పేవాడు. అప్పుడు ఊరు పేదది, రోడ్డు ఖాళీ. తర్వాత ఊరికి డబ్బొచ్చింది, డబ్బుకి కారొచ్చింది, కారుకి ఇంకో కారు తోడొచ్చింది. కాబట్టి పగలు పెద్ద లారీకి ఊళ్లోకి ప్రవేశం లేదు. బాగా పొద్దుపోయాక రావాలి, తెల్లారేలోపు సరుకు దింపి దొంగలా బయటపడాలి. మరి పగలంతా ఏం చెయ్యాలి? దానికోసమే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. గర్భగుడి తలుపులు వేసి ఉన్నా ప్రదక్షిణలకి అడ్డు లేదు కదా, అలాగన్నమాట. టోలు టికెట్టు మాత్రం కొనాలి. ఆ టికెట్ల వసూలు హక్కుని 2023లో 30 ఏళ్లకి 7,380 కోట్లకి లీజుకిచ్చారు. ముప్ఫై ఏళ్ల హుండీని ముందే లెక్కగట్టి చేతులు దులుపుకున్నారంటే, భక్తులు ఎటూ పోరని ఎంత నమ్మకమో చూడండి.

ఇందులో ఒక చిక్కుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి, రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఎత్తేసినవాటిని ఎక్కడ పెట్టాలో తెలియక డ్రైవర్ జేబులో పెట్టారు. దాని పేరు ఈ-వే బిల్లు, సరుకు వెంట ఉండాల్సిన ప్రయాణపు కాగితం. 50 వేల రూపాయలు మించిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి అది ఉండాల్సిందే. మొదట్లో ప్రతి 100 కిలోమీటర్లకి ఒక రోజు గడువు ఇచ్చేవారు. 2021 నుంచి 200 కిలోమీటర్లకి ఒక రోజు చేశారు. అంటే పన్నుల శాఖ లారీతో "పరుగెత్తు, లేదంటే కాగితం చస్తుంది" అంటుంది. ట్రాఫిక్ శాఖ "పగలు కదిలావంటే చలానా" అంటుంది. రెండు శాఖలూ ప్రభుత్వానివే, కాబట్టి రెండూ నిజమే చెబుతాయి. మా డ్రైవర్ ఇద్దరి మాటా మన్నించి, కాగితం మీద పరుగెడుతూ రోడ్డు మీద నిలబడి ఉంటాడు. యోగశాస్త్రంలో ఈ ఆసనానికి ఏదో పేరుండే ఉంటుంది. గడువు తీరిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకునే వీలుంది. ఆ ఎనిమిది గంటలూ డ్రైవర్ నిద్రపోతే, పట్టుబడ్డ రోజు పన్నుకి రెండింతలు జరిమానా. ఆసనం తప్పితే నడుం పట్టేస్తుందని గురువులు ఊరికే అనలేదు.

రెండో రుజువు హైదరాబాద్ చేసే సరుకు. 2022-23లో తెలంగాణ నుంచి ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు. అంత సరుకునీ తెచ్చి ధర్మకాంటా ఎక్కించండి, ముల్లు కదలదు. తీగలో పడి పోయే సరుకు. తార్పాలిన్ కప్పక్కర్లేదు, తాడు బిగించక్కర్లేదు, హమాలీకి చాయ్ పొయ్యక్కర్లేదు. తర్వాత మనం గర్వంగా చెప్పుకునేవి మందులు, టీకాలు. అవి చిన్న చిన్న డబ్బాల్లో, చల్లటి పెట్టెల్లో, శంషాబాద్ నుంచి గాల్లో కూడా పోతాయి. ఇంత విలువైనవి చేసే ఊరికి కావాల్సినవి మాత్రం ఎంత బరువో! హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు, తాండూరు నుంచి బండలు, గోదావరి నుంచి ఇసుక, కర్నూలు నుంచి ఉల్లిగడ్డ. అంటే లారీ నిండా బరువు తెచ్చి ఊళ్లో దింపుతుంది. ఊరు దానికి బదులుగా ఇచ్చేది సాఫ్ట్‌వేర్. దాన్ని ఏ లారీలో వెయ్యాలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నిండుకుండ తొణకదంటారు. నిండు లారీ కూడా అంతే, గుట్టుగా వస్తుంది. ఖాళీగా వెనక్కి పోయే లారీ మోత మాత్రం మా వీధి గతుకుల్లో అర్ధరాత్రి అందరికీ వినిపిస్తుంది.

ఈ సంగతి మీద నాకు పాఠాలు చెప్పింది మా బామ్మర్ది. వాడికి రెండు లారీలున్నాయి. సరిగ్గా చెప్పాలంటే రెండు లారీలకి వాడున్నాడు, ఫైనాన్స్ వాళ్లకి ముగ్గురూ ఉన్నారు. లోడు లేకుండా లారీని ఎందుకు ఆపుతావు, ఖాళీగానైనా తెప్పించుకోవచ్చు కదా అని అడిగాను.

"బావా, ఖాళీగ తెస్తె డీజిల్ నా నెత్తిన. ఆపితె వాయిదా నా నెత్తిన. ఉన్నది ఒక్కటే నెత్తి. అందుకే ఆపిన" అన్నాడు.

ఇంత క్లుప్తంగా ఆర్థిక శాస్త్రం చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు. అమెరికాలో థామస్ హబ్బర్డ్ అనే ఆర్థికవేత్త ఇదే సమస్య మీద చాలా కష్టపడ్డాడు. లారీలో కంప్యూటర్ పెట్టి బండి ఎక్కడుందో ఆఫీసుకి తెలిసేలా చేస్తే, అలా పెట్టుకున్న లారీల వాడకం 13 శాతం పెరిగిందని 1997 నాటి లెక్కలతో తేల్చి, 2003లో ప్రచురించాడు. ఏ బండి ఎక్కడ ఖాళీ అవుతుందో తెలిస్తే దగ్గర్లో ఉన్న లోడు దానికి తగిలించొచ్చు, అదీ కిటుకు. ఇది విని మా బామ్మర్ది రెండు లారీలకీ జీపీఎస్ పెట్టించాడు. ఇప్పుడు అన్నం తింటూ కూడా ఫోన్‌లో చుక్కలు చూస్తుంటాడు. మొన్న నా ముందే డ్రైవర్‌కి ఫోన్ చేసి, "చుక్క కదుల్తలేదేందిరా?" అని అరిచాడు. అవతల నుంచి డ్రైవర్ చాలా ఓపిగ్గా, "బండి కదుల్తలేదన్నా, చుక్కెట్ల కదుల్తది?" అన్నాడు. ఆ అమెరికా పెద్దమనిషి లెక్కలో తప్పేమీ లేదు. దగ్గర్లో లోడు ఉంటుందని నమ్మాడు, అంతే.

ప్రభుత్వం కూడా ఉత్పాదకత పెంచకుండా ఊరుకోలేదు. 2018 జులైలో ఒక్క నోటిఫికేషన్‌తో లారీ మోయదగ్గ బరువు పెంచేసింది. పది టైర్ల బండి సరుకుతో కలిపి అంతకుముందు 25 టన్నులు ఉండొచ్చు, ఆ రోజు నుంచి 28.5 టన్నులు. చక్రం మార్చలేదు, స్ప్రింగు పట్టీ మార్చలేదు, దేశంలో లారీలు కాగితం మీద పెద్దవైపోయాయి. లోడ్లు మాత్రం నిన్నటివే. ఎనిమిది లారీలు మోసే సరుకు ఏడు లారీలకి సరిపోతే ఎనిమిదో లారీ ఏం చేస్తుంది? మా ఇంటి ముందు ఆగుతుంది. మరుసటేడు మందగమనం వచ్చి, కొత్త లారీలు షోరూముల దగ్గరే ఆగిపోయాయి. కొనకముందే ఆగిన లారీ కన్నా గొప్ప ఉత్పాదకత ఇంకేముంటుంది?

వీటన్నిటికీ మించిన రుజువు వడ్లు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, లారీలు కూడా ఇక్కడే ఎక్కువసేపు కూర్చుంటాయి కాబట్టి.

వానలు సరిగ్గా పడవు, పంట ఎండుతుంది అనుకోండి. అప్పుడు లారీ హాయిగా తిరుగుతుంది. ఎక్కడా లైను ఉండదు, మిల్లు గేటు తెరిచే ఉంటుంది. అదే వానాకాలం పంట, యాసంగి పంట రెండూ దండిగా వచ్చాయనుకోండి, పేపర్లలో పసుపుపచ్చటి కుప్పల ఫొటోలు, నాయకుల చిరునవ్వులు, రికార్డు దిగుబడి. అప్పుడు చూడాలి తమాషా. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగేదాకా వడ్లు ఎండాలి. ఎండాక సంచులు రావాలి. సంచులొచ్చాక లారీ రావాలి. కేంద్రం దగ్గర రైతు "లారీ ఏది" అని ఏడుస్తుంటాడు. లారీ ఎక్కడుందో తెలుసా? యాభై కిలోమీటర్ల అవతల రైస్ మిల్లు ముందు, తనలాంటి లారీల వెనక, వడ్లు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటుంది. మిల్లులో ఎందుకు దింపుకోరు? లోపల చోటు లేదు. ఎందుకు లేదు? పోయిన సీజన్ బియ్యం ఇంకా భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాంకి పోలేదు. ఎందుకు పోలేదు? అక్కడా చోటు లేదు, లేదా వ్యాగన్లు లేవు. మా అమ్మమ్మ చెప్పే ఏడు చేపల కథలో కూడా చివర్న చీమ దగ్గర జవాబు దొరికేది. ఇక్కడ చీమ కూడా లైన్లోనే ఉంది.

చోటు దొరికినా దింపడానికి హమాలీ కావాలి. మన మిల్లుల్లో హమాలీలు చాలామంది బీహారీలు. వాళ్ల ఊళ్లో ఛఠ్ పండగో, చెల్లి పెళ్లో వస్తే ఇక్కడ లారీ ఆగుతుంది. నవ్వులాటకి అనడం లేదు. 2020 మే నెల గుర్తు తెచ్చుకోండి. లింగంపల్లి నుంచి వలస కూలీలను ఎక్కించుకుని రైళ్లు ఉత్తరాదికి పోతున్న రోజులవి. అందరూ అటు పోతుంటే ఒక్క రైలు ఎదురొచ్చింది. బీహార్‌లోని ఖగడియా నుంచి రైస్ మిల్లుల హమాలీలను తెచ్చి అదే లింగంపల్లిలో దింపింది. దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో కూడా బస్తా దింపే భుజం కోసం రైలు వేయాల్సి వచ్చింది. కరీంనగర్ లారీ ఉత్పాదకత ఖగడియా పురోహితుడు పెట్టే ముహూర్తం మీద ఆధారపడి ఉంటుందని ఏ ఆర్థికవేత్త అయినా రాశాడా?

ఇక్కడే నా సిద్ధాంతంలోని అసలు రహస్యం బయటపడుతుంది. గోదాం కట్టాలంటే స్థలం కొనాలి, రేకులు వేయాలి, వాచ్‌మన్‌కి జీతమివ్వాలి, ఎలుకలతో యుద్ధం చేయాలి. ఈ బాధలన్నీ ఎందుకు? వచ్చిన లారీని వచ్చినచోట ఆపితే అదే గోదాం. పైన తార్పాలిన్ వాళ్లదే. కాపలాకి డ్రైవర్, క్లీనర్ ఇద్దరు, పగలూ రాత్రీ. అద్దె సున్నా. మిల్లుకి చోటు లేకపోతే లారీ గోదాం, బిల్డర్‌కి సైటు సిద్ధం కాకపోతే లారీ గోదాం, మార్కెట్లో ఉల్లి ధర పెరిగేదాకా ఆగాలంటే లారీ గోదాం. చక్రాలు ఎందుకున్నాయంటారా? అక్కర్లేనప్పుడు పంపించెయ్యడానికి. ఆపినందుకు ఇవ్వాల్సిన హాల్టింగ్ చార్జీ అని ఒక మాట మాత్రం కిరాయి మాట్లాడుకునేటప్పుడు వినిపిస్తుంది. అది దేవుడిలాంటిది. ఉందని అందరూ అంటారు, కళ్లారా చూసినవాడు మా బామ్మర్దికి ఇంతవరకు కనపడలేదు.

డ్రైవర్ బత్తా ట్రిప్పుకి ఇంత అని ఉంటుంది. ట్రిప్పు రెండు రోజుల్లో అయినా అంతే, ఆరు రోజులైనా అంతే. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు పని అనేది. లైన్లో ఆగిన గంటలు పనిలోకి వస్తాయా అని మా ఇంటి ముందు డ్రైవర్‌ని అడిగాను. అతను బీడీ ఆర్పి ఆలోచించాడు. "పన్నట్టే ఉంటం సార్, గనీ పండం. పన్నమనుకో, ట్యాంకుల డీజిల్ గుంజుకపోతరు." పనీ కాని, నిద్రా కాని ఈ మూడో స్థితికి ఉపనిషత్తుల్లో చోటుందేమో గానీ బత్తా లెక్కలో మాత్రం లేదు.

కాబట్టి ఇకనుంచి ప్రభుత్వాలు నా పద్ధతిలో అభివృద్ధిని కొలవాలని మనవి. పేరు "నిలుపు సూచీ". లెక్క తేలిక. లారీ ఆగిన చోట గజం ధర ఎంతో చూడాలి, లారీ ఆక్రమించిన గజాలతో గుణించాలి. ఉదాహరణకి కోకాపేట. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైన. పెద్ద లారీ నిలబడితే ముప్ఫై గజాలు పడుతుంది. ఆ లెక్కన కోకాపేటలో ఇసుక దింపడానికి లైన్లో ఉన్న లారీ సుమారు 62 లక్షల విలువైన నేల మీద నిలబడి ఉంటుంది. లారీని, అందులోని ఇసుకని, డ్రైవర్ ఇంటిని కలిపి అమ్మినా అంత రాదు. అదే లారీ కదిలి ఊరికి దూరంగా కొత్తూరు దాటిందనుకోండి, సూచీ దభీమని పడిపోతుంది. లారీ కదిలితే ఎంత నష్టమో ఇప్పుడైనా అర్థమైందా?

ఈ సిద్ధాంతాన్ని ప్రభుత్వం లోలోపల ఒప్పుకుందనడానికి ఒక ఆధారం ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని నోటిఫికేషన్ ఇచ్చారు. మంచి పని, ఇందులో వ్యంగ్యం లేదు. మే నెలలో ఇంజను పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది ఆ సెగ. కాకపోతే లారీ ఏసీ ఇంజను నడుస్తుంటేనే నడుస్తుంది, ఇంజను నడిస్తే డీజిల్ కాలుతుంది, ఆ డీజిల్ మీద మన రాష్ట్రం 27 శాతం వ్యాట్ వేస్తుంది. ఇకమీదట లారీ ఆగినా ఖజానా ఆగదు. మా బామ్మర్దికి ఈ మాట చెప్తే, "కిటికీ దించుకుంటడు తీ బావా" అన్నాడు.

అన్ని లారీలూ ఆగితే మాత్రం నా సూచీ పనిచేయదని ఒప్పుకోవాలి. 2024 జనవరి మొదట్లో, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల దాకా జైలు అనే కొత్త శిక్ష మీద డ్రైవర్లు సమ్మెకి దిగారు. ట్యాంకర్లు ఆగాయి. జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఐటీ వాళ్లు, ఆటోవాళ్లు, పెళ్లికొడుకులు, అందరూ ఒకే లైన్లో. చంచల్‌గూడలో భోజనం డెలివరీ చేసే కుర్రాడొకడు బైకు పక్కన పెట్టి గుర్రమెక్కి ఆర్డర్ ఇచ్చి వచ్చాడు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. రెండు లక్షల కోట్ల తీగ సరుకు అమ్మే ఊరు ఒక్క పూటలో నిజాం కాలానికి పోయి వచ్చింది. ఆ రోజు లైన్లో గంటన్నర నిలబడ్డ మా పక్కింటాయన, "వీళ్లకి అసలు బాధ్యత ఉందా, జనాన్ని ఇలా నిలబెడతారా" అని చిందులేశాడు. ఆయనకి సూర్యాపేట వైపు మిల్లొకటుంది.

నిన్న రాత్రి పది దాటాక మా ఇంటి ముందు లారీకి లోడు కుదిరింది. ఖాళీ గోనె సంచులు, మిర్యాలగూడ వైపు. అవి దింపాక అక్కడే వడ్లు ఎక్కించాలట. డ్రైవర్ చక్రం కింద నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకున్నాడు. లుంగీలు తీశారు, స్టవ్ క్యాబిన్లోకి పోయింది. చారు గిన్నె కడిగి తిరిగి ఇస్తూ క్లీనర్ కుర్రాడు మా కరివేపాకు చెట్టు వంక చూశాడు.

"తీసుకో బాబూ, రెండు రెమ్మలు" అంది మా ఆవిడ.

"రెండు సాలయమ్మా" అని, మిల్లు కాడ లైనెంతుందో ఎవరికో ఫోన్ చేసి అడిగి, ఒక కొమ్మ మొత్తం విరుచుకుని పోయాడు.